చెంప మీద గీతలు

"గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి స్టూలు మీంచి ఎందుకు లేచారు?"

"కాళ్లు పట్టేశాయి బాబూ."

"రెండు గంటల నుంచి పట్టని కాళ్లు సరిగ్గా ఆ నిమిషానికే పట్టేశాయా?"

"కాళ్లకి నేను గడియారం కట్టలేదు మరి."

డిటెక్టివ్ పుస్తకంలో రాసుకున్నాడు. టైము పదీ ఇరవై. ఎదురుగా కూర్చున్నావిడ మ్యూజియం రెండో అంతస్తు కాపలా మనిషి. స్టూలమ్మ అంటే తప్ప ఆవిణ్ని ఎవరూ గుర్తుపట్టరు. ఇరవైరెండేళ్ల కిందట కాపలావాళ్లు గదుల్లో కూర్చోకూడదని రూలుండేది. ఎనిమిది గంటలూ నిలబడాల్సిందే. "రాతి బొమ్మలకి పీటలేశారు, ప్రాణమున్న మాకు వెయ్యరేం" అని పద్దెనిమిది రోజులు సమ్మె చేయించి ఈ స్టూలు సంపాదించిన మనిషి ఆవిడ. అప్పటినుంచి మంత్రి వచ్చినా లేవదు. కష్టపడి తెచ్చుకున్న హక్కు మీద కూర్చున్నవాళ్లకి లేచే అవసరం ఏముంటుంది?

ఈ కేసులోకి డిటెక్టివ్‌ని పిలిచిందీ ఆవిడే. పిలిచినవాళ్లనే ముందు నిలదీయడం అతని పద్ధతి. పైగా గురువారం ఆ టైముకి ఆవిడ లేచి నిలబడిందని పక్క గది కాపలావాడు చెప్పాడు.

"పోనీ, మట్టి ముఖాన్ని మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టింది ఎవరు?"

"పెట్టాల్సినవాళ్లే పెట్టారు."

"అంటే?"

"చీటీ మీద సంతకం ఉందిగా. చదువుకోండి. మీకు చదువొచ్చుగా?"

అప్పుడే డైరెక్టరు ఫైళ్లు చంకలో పెట్టుకుని గదిలోంచి విసవిసా దాటిపోయాడు. స్టూలమ్మ కాలు మీద కాలు తియ్యలేదు.

"చూడండమ్మా, మూడింటికి పోలీసులు పేపరువాళ్లని పిలుస్తున్నారు. అతుకులమ్మాయి దొంగ అని చెప్పేస్తారు. ఆ తరవాత ఆమెను నేను కాదు కదా, ఎవడూ బయటికి తేలేడు. మీరు దాస్తున్నది ఏదైనా ఉంటే..."

"నేను అబద్ధం చెప్పలేదు."

"నిజం కూడా మొత్తం చెప్పలేదు."

ఆవిడ మొహం తిప్పేసుకుంది.

జరిగింది ఇది. రెండువేల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎవరో ఒక ఆడమనిషి చనిపోతే ఆమె శవపేటిక మీద పెట్టిన ముఖం. రంగులేసిన మట్టి ముఖం. జానెడు కంటే కాస్త పెద్దది. నల్లటి పెద్ద కళ్లు, ఎర్రటి పెదవులు. నిన్న మంగళవారం ఉదయం ఫొటోలు తీసేవాళ్లు దాన్ని ఎత్తితే అడుగున రాసిన నంబరు వేలికి అంటుకుంది. పాత సిరా అంటుకోదు. అసలు ముఖం పోయింది, నకలు మిగిలింది.

అది చివరిసారి పెట్టె దాటి బయటికొచ్చింది గురువారం. దుమ్ము దులపడానికి మరమ్మతుల గదిలోకి వెళ్లింది. తీసినప్పుడు ఖాళీ చోట ఒక చీటీ పెడతారు: తీసింది రెండూ పదికి, తీసినవాళ్ల సంతకం. తిరిగి పెట్టింది నాలుగూ నలభైకి, మళ్లీ అదే సంతకం. ఎవరు తీస్తే వాళ్లే తమ చేత్తో తిరిగి పెట్టాలి. అక్కడ అన్నిటికంటే గట్టి రూలు అది. రెండు సంతకాలూ మరమ్మతుల గది పెద్ద అయిన ముప్ఫై ఆరేళ్ల ఆమెవి. విరిగినవన్నీ అతికిస్తుంది కాబట్టి అందరికీ ఆమె అతుకులమ్మాయి. శుక్రవారం నుంచి ఆ పెట్టె ఎవరూ తెరవలేదు. గదిలో కెమెరా ఉంది. ఎనిమిది నెలలుగా కళ్లు మూసుకునే ఉంది.

డిటెక్టివ్ పెట్టె ముందు వంగాడు. పక్కన వివరాల పలక మీద "బహుమానం" అని రాసుంది. ఎవరిచ్చారో, ఎవరు తవ్వి ఎత్తుకొచ్చి ఇచ్చారో రాయలేదు. ఇలాంటి చోట్ల ఆ ఒక్క మాట కింద ఎన్ని దొంగతనాలు నిద్రపోతుంటాయో ఎవరూ లెక్కపెట్టరు. ఇవాళ మాత్రం దొంగతనం అని గోల చేస్తున్నారు.

భూతద్దం తీశాడు. నుదురు, కనుబొమలు, ముక్కు. కుడి చెంప దగ్గర ఆగాడు. నున్నగా ఉంది. గోరు గీత కూడా లేదు. అలాగే రాసుకున్నాడు: "కుడి చెంప నున్నన."

"అన్నయ్యగారూ! టిక్కెట్టు కొనుక్కునే వచ్చారా?"

వెనక్కి తిరగక్కర్లేకుండానే ఎవరో తెలిసింది. ఇన్‌స్పెక్టరు. పైగా తోడల్లుడు.

ఆ సంబంధం తెచ్చింది తనే. ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేసే రోజుల్లో, కుర్రాడు బుద్ధిమంతుడు అని తనే మామగారికి చెప్పి, మరదలిని ఇప్పించాడు. ఏడాది తిరక్కుండా ఒక దొంగ ముఠా దొరికింది. తొంభై రోజులు కాళ్లరిగేలా తిరిగి దాన్ని పట్టుకున్నది తను. పేపర్లో ఫొటో బుద్ధిమంతుడిది. ఆ కాయితాన్ని మామగారు అట్టకి అంటించి హాల్లో తగిలించాడు. అది ఈరోజుకీ అక్కడే ఉంది. ఆ ఇంటికి వెళ్తే ఫ్యాను కింద కుర్చీ చిన్నల్లుడిది. పెద్దల్లుడికి గుమ్మం పక్క బల్ల. సొంత పెళ్లాం కూడా "మా చెల్లెలి ఆయన ఎంత ఒద్దిక!" అంటుంది. తను ఉద్యోగం వదిలేసింది ఆత్మాభిమానంతో అని అందరికీ చెబుతాడు. ఆ మాట నిజమో కాదో రాత్రుళ్లు అతనికొక్కడికే తెలుసు.

"టిక్కెట్టు కొన్నాను తమ్ముడూ. నీలాగ సలాములు కొట్టించుకుంటూ రాలేదు."

"దొంగ దొరికాక వచ్చారు. మీకు అలవాటేగా, పెళ్లి అయ్యాక అక్షింతలు పట్టుకొచ్చినట్టు."

"దొరికింది దొంగో, చేతికందిన మనిషో."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఆ నవ్వు కూడా ఇస్త్రీ చేసినట్టుంటుంది. "ఈ నకలు చేయగల చెయ్యి ఈ భవనంలో ఒక్కటే. ముఖం ఆమె దగ్గర రెండున్నర గంటలుంది. తీసిందీ తనే, పెట్టిందీ తనే. నాకు ఇంకేం కావాలి?"

"అసలు ముఖం కావాలి. అది ఎక్కడుంది?"

"ఆమే చెబుతుంది. అందరూ చెబుతారు."

"చెంప చూశావా?"

"ఏ చెంప?"

డిటెక్టివ్ భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు. ఎందుకు చెప్పాలి? కళ్లున్నాయి, జీతం తీసుకుంటున్నాడు, చూసుకోవచ్చు.

"మూడింటికి కింద హాల్లో ఉండండి అన్నయ్యగారూ. టీవీవాళ్లు కూడా వస్తున్నారు. మావయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను, చూస్తారు. మీరు వెనక వరసలో నిలబడితే కనిపించినా కనిపించొచ్చు."

ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది డిటెక్టివ్‌కి. అయినా పని చూసుకోవాలి గనక, "ఆమెతో అయిదు నిమిషాలు మాట్లాడనీ" అని అడిగాడు. అడగడమే సగం చావు.

"పది నిమిషాలివ్వండి వాళ్లకి," అన్నాడు ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు తిరిగి, మహారాజులా.

డైరెక్టరు గది పక్కన చిన్న గదిలో అతుకులమ్మాయి కూర్చుని ఉంది. చేతివేళ్లకి సున్నం పట్టిన మరకలు. ఏడవలేదు. నిద్ర మాత్రం పోలేదు.

"మీరు తీశారా?" డిటెక్టివ్ సూటిగా అడిగాడు.

"లేదు."

"నకలు మీరు చేశారా?"

"లేదండీ."

"అసలు ముఖానికి మీరు ఏం మరమ్మతు చేశారు?"

ఆ ప్రశ్నకి ఆమె మొహంలోకి ప్రాణం వచ్చింది. "కుడి చెంప. ఎప్పుడో పగిలి ఊడిపోయింది. దాన్ని మట్టితో నింపి రంగేశాను, ఆరేళ్ల కిందట."

"ఎలా వేశారు?"

"సన్నటి నిలువు గీతలతో. దూరం నుంచి చూస్తే చెంప నిండుగా కనపడుతుంది. దగ్గరికొస్తే గీతలు కనపడతాయి. ఇదిగో, ఇక్కడినుంచి ఇక్కడిదాకా నేను చేసింది, మిగతాది వాళ్లు చేసింది అని చూసేవాడికి తెలియాలి. వాళ్ల పనిలో నా పని కలిపేసి మోసం చేయకూడదు. ఇప్పుడు అన్నిచోట్లా అదే పద్ధతి."

"అంతకుముందు?"

"అంతకుముందు..." ఆమె వేళ్లు చూసుకుంది. "అంతకుముందు మా మాస్టారు చేసిన చెంప ఉండేది. నున్నగా. ఎక్కడ పగిలిందో దేవుడు కూడా చెప్పలేడు. అది తీసేసి నాది వేశాను."

డిటెక్టివ్ పెన్ను ఆగింది. పెట్టెలో ఉన్న నకలు చెంప నున్నగా ఉంది. రోజూ గీతల చెంపతో కాపరం చేసే మనిషి నకలు చేస్తే గీతలు వేసేది. పైగా తన గీతలే. కళ్లు మూసుకుని వేసేది.

"గురువారం ముఖాన్ని పెట్టెలో పెట్టింది మీరేనా?"

"సంతకం నాదేగా."

"సంతకం గురించి అడగలేదు. చెయ్యి గురించి అడిగాను."

"...నేనే పెట్టాను."

"పెట్టేటప్పుడు చెంప చూశారా?"

ఆమె కళ్లలో ఏదో చటుక్కున తలుపేసుకుంది. "చూశాను."

అబద్ధం. చూసి ఉంటే అక్కడికక్కడే కేక పెట్టేది. అంటే పెట్టింది ఈమె కాదు. ఎవరినో కాస్తోంది. జైలుకి పోవడానికైనా సిద్ధపడి ఎవరి పరువు కాస్తోంది?

"టైమైంది," అంది కానిస్టేబులు.

బయట వరండాలో బెంచీ మీద తెల్ల చొక్కా, చేతిసంచి, డెబ్భై రెండేళ్ల మనిషి కూర్చున్నాడు. మాస్టారు. ముప్ఫై నాలుగేళ్లు ఆ మరమ్మతుల గదికి పెద్ద. రిటైరై ఆరేళ్లయినా రోజూ పదకొండింటికి వస్తాడు. గేటు దగ్గర ఆయన పేరు పుస్తకంలో రాయరు. ఆయన సంచి తనిఖీ చెయ్యరు సరికదా, గేటు మనిషే మోసుకొచ్చి పెడతాడు.

"అమ్మాయి ఎలా ఉంది?"

"మీ గురించే చెప్పింది. మీ పని గొప్పదని."

ముసలాయన మొహం వికసించింది. అంతలోనే ముడుచుకుంది. "నా పని ఎక్కడుంది బాబూ ఇప్పుడు? రండి, చూపిస్తా. పన్నెండూ పదే అయింది. తీరికేగా?"

ఆయన నడిపించాడు. డిటెక్టివ్ వెంట నడిచాడు. జనం ఆ గదుల్ని చైనా అని, పర్షియా అని, ఆఫ్రికా అని గుర్తుపెట్టుకుంటారు. మాస్టారికి దేశాలన్నీ పగుళ్లతో గుర్తు.

"ఈ చైనా కూజా మూతి మూడు ముక్కలై వచ్చింది. నాలుగు నెలలు కూర్చున్నా. వాళ్ల రాజు బతికొచ్చినా పోల్చుకోలేడు. ఇప్పుడు చూడండి, దగ్గరికి రండి. గీతలు! మూతి నిండా గీతలు. అదిగో ఆ పర్షియా పలక, నీలం రంగు. ఆ నీలం కలపడానికి నాకు ఏడాది పట్టింది. దూదిని ఏదో మందులో ముంచి గంటలో తుడిచేసింది. ఆ ఆఫ్రికా చెక్క ముఖానికి చెవి నేను చెక్కాను. తీసేసి, ఖాళీగా ఉంచింది. చెవి ఎలా ఉండేదో మనకి తెలియదు మాస్టారూ అంది. నాకు తెలుసే! చెవి ఎలా ఉంటుందో నాకు తెలీదా?"

"మిమ్మల్ని అడక్కుండా తుడిచేసిందా?"

"అడిగే తుడిచింది. నవ్వుతూ. మీరు నేర్పిన చెయ్యే కదండీ అంటూ. నేర్పాను. బ్రష్షు పట్టుకోవడం రాని పిల్లకి వేలు పట్టి నేర్పాను. ఇప్పుడు పై దేశాల నుంచి దాని పని చూడటానికి వస్తున్నారు. దానికి ఉత్తరాలొస్తున్నాయి. నిరుడు వచ్చినవాళ్లు నన్ను చూసి, ఈ పెద్దాయన ఎవరని అడిగారు." ఆయన సంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నాకు సంతోషమే."

ఆ "సంతోషమే" డిటెక్టివ్ చెవిలో గుచ్చుకుంది. ఆ మాట తనూ ఒకప్పుడు సరిగ్గా అదే గొంతుతో అన్నాడు, మామగారి హాల్లో, గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని. చిన్నల్లుడికి ప్రమోషనా? నాకు సంతోషమే.

ఇద్దరూ ఈజిప్టు గదిలోకి వచ్చారు.

స్టూలమ్మ లేచి నిలబడింది.

మంత్రికి లేవదు. డైరెక్టరుకి లేవదు. మాస్టారు గుమ్మంలో అడుగు పెట్టగానే మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, నిటారుగా లేచి నిలబడింది. అలా లేచానని ఆమెకే తెలియదు. ఆయన "కూర్చో కూర్చో" అన్నాడు, రోజూ అన్నట్టే.

డిటెక్టివ్ గోడ గడియారం చూశాడు. పన్నెండూ యాభై.

అంతా ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంది. గురువారం నాలుగూ నలభైకి ఈమె ఎవరికోసం లేచిందో. "నీకు పనుంది కదమ్మాయ్, ఇలా ఇవ్వు, నేను పెట్టేసి వస్తా" అని ట్రే ఎవరు అందుకున్నారో. గురువు అడిగితే కాదనలేక, రూలు తప్పి, చీటీ మీద సంతకం చేసి ఇచ్చిన శిష్యురాలు. నకలు సంచిలో ఉంది. వరండాలో మార్చాడు. అయిదింటికి అసలు ముఖాన్ని గేటు మనిషే మోసి బయట పెట్టాడు. ముఖం కళ్లు, ముక్కు, పెదవులు అన్నీ ఉన్నదున్నట్టు చేసినవాడికి ఆ చెంప దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. శిష్యురాలి గీతలు తన బ్రష్షుతో వెయ్యలేకపోయాడు. తన చెంపే వేసుకున్నాడు. దొరికిపోతానని తెలిసినా అదే వేసేవాడు.

నిన్న నకలు చూడగానే ఆ పిల్లకి అంతా తెలిసిపోయింది. అందుకే ఆ అబద్ధం.

ఇన్‌స్పెక్టరు పది అడుగుల దూరంలో ఉన్నాడు, వరండాలో ఫోన్లో మాట్లాడుతూ. "అవును మావయ్యగారూ, మూడింటికి. మూడో ఛానెల్."

నోరు తెరిస్తే చాలు. కానీ నోరు తెరిస్తే ఏమవుతుంది? వాడు గంటలో ముసలాయన ఇల్లు సోదా చేస్తాడు. ముఖం పట్టుకుంటాడు. మూడింటికి అదే ముఖం చేత్తో పట్టుకుని టీవీలో నవ్వుతాడు. హాల్లో ఇంకో అట్ట వేలాడుతుంది. కాదు. ఈసారి కాదు. మూడింటికి అందరిముందూ వాడు ఆ అమ్మాయి పేరు చెప్పాలి. చెప్పాక తను లేవాలి. వెనక వరసలోంచే లేవాలి. మామగారు చూస్తుండగా.

రెండు గంటల పది నిమిషాలు. ముసలాయన ఎక్కడికి పోతాడు?

"మీ ఇల్లు ఎక్కడ మాస్టారూ?"

"వెనక వీధిలోనే. రెండో అంతస్తు."

మాస్టారు మరమ్మతుల గదిలోకి వెళ్లాడు. తలుపు దగ్గర పోలీసు కాపలా ఉంది. కాపలావాడు లేచి తలుపు తీశాడు. ఒంటిగంటా అయిదుకి మాస్టారు సంచితో గేటు దాటాడు. డిటెక్టివ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అడ్డం పడలేదు. సంచిలో ఏముందో అడగలేదు. టీ తాగాడు. రెండుసార్లు తాగాడు. చిన్న గది ముందునుంచి పోతూ, తలుపు సందులోంచి అతుకులమ్మాయి వంచిన తల చూశాడు. ఒక్క మాట లోపలికి విసిరితే ఆమె ఊపిరి పీల్చుకునేది. విసరలేదు. గంటన్నర ఓర్చుకో అమ్మా అనుకున్నాడు. ఓర్చుకోవాల్సింది ఎప్పుడూ అవతలివాళ్లేగా.

మూడింటికి హాలు నిండింది. ఇన్‌స్పెక్టరు మైకు సవరించుకుని అతుకులమ్మాయి పేరు, చదువు, సంతకం అన్నీ చదివాడు. ఆమెని పక్కనే నిలబెట్టాడు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు డిటెక్టివ్ వెనకనుంచి.

కెమెరాలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ తిరిగిన చప్పుడు కోసం అతను పదకొండేళ్లు ఎదురుచూశాడు.

"నకలు కుడి చెంప మీద గీతలున్నాయా ఇన్‌స్పెక్టరుగారూ?"

"ఏ... ఏ గీతలు?"

చెప్పాడు. గీతలు, చీటీ, స్టూలు, సంచి, వరసగా మేకులు దిగ్గొట్టినట్టు చెప్పాడు. నాలుగు నిమిషాలు. తోడల్లుడి మొహంలో ఇస్త్రీ మడతలు ఒక్కొక్కటే నలగడం చూస్తూ చెప్పాడు. అంత తియ్యగా అతని నాలుక ఎప్పుడూ లేదు. హాలంతా గుసగుసలు. స్టూలమ్మ గోడకి ఆనుకుని కొంగుతో నోరు మూసుకుంది.

అతుకులమ్మాయి మాత్రం ఏడవలేదు, దండం పెట్టలేదు. "మాస్టారు ఎక్కడున్నారు?" అంది.

"ఇంట్లో. పారిపోరు."

"ఎప్పుడు వెళ్లారు?"

"ఒంటిగంటకి. ఎందుకు?"

"నా గదిలోకి వెళ్లారా? ఏమైనా పట్టుకెళ్లారా?"

"నీలం మూత సీసా," అంది స్టూలమ్మ సన్నగా. "వెళ్తూ నా దగ్గర ఆగారు. కారుతుందేమోనని మూత నేనే బిగించి ఇచ్చానమ్మా."

ఆమె మొహం పాలిపోయింది. "నా చెంప తీసేయడానికి. పోలీసులొచ్చేలోగా తన చెంప పెట్టేయాలని. అయ్యో, ఆ మందు ఆయన పాత జిగురుకి పనికొస్తుంది, నా జిగురుకి కాదు. ఎంత రుద్దినా నాది ఊడదు, చుట్టూ ఉన్న రంగు లేచిపోతుంది!"

అప్పటికే ఆమె పరిగెడుతోంది. కానిస్టేబులు ఆపలేదు. ఇన్‌స్పెక్టరు వెనకే, డిటెక్టివ్ ఆ వెనక.

మూడూ ఇరవై రెండు. తలుపు గడియ పెట్టలేదు. కిటికీ పక్క బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద ముఖం. చుట్టూ దూది ఉండలు, ముప్ఫై నలభై. అన్నీ ఎర్రగా, నల్లగా తడిసి ఉన్నాయి. మాస్టారు తలెత్తాడు. చేతిలో ఇంకో దూది ఉండ.

"ఊడట్లేదమ్మాయ్," అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఏం పెట్టి అతికించావు దీన్ని? నేను ఇంత గట్టిగా ఎప్పుడూ అతికించలేదు."

ఆమె ఆయన చేతిలోంచి దూది తీసేసుకుంది. ముఖం మీదికి వంగింది. గీతల చెంప చెక్కుచెదరకుండా ఉంది. దాని పైన కుడి కన్ను లేదు. రెండువేల ఏళ్లు మట్టిలో పడుండి కూడా చూస్తూనే ఉన్న కన్ను దూదిలోకి వెళ్లిపోయింది. పెదవుల్లో సగం వెళ్లిపోయింది. బూడిదరంగు మట్టి మిగిలింది.

"మాస్టారూ, ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"రెండున్నరకి. నడిచొచ్చి అలిసిపోయి కాసేపు పడుకున్నా."

ఆమె నెమ్మదిగా నిటారైంది. డిటెక్టివ్ వైపు తిరిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

రెండూ యాభై అయిదుకి అంటే సరిపోతుంది. హాల్లోకి వస్తుంటే తట్టింది అంటే ఎవడూ కాదనలేడు. సాక్షులు లేరు. మూడో ఛానెల్‌లో గెలిచిన మనిషి అతను. మామగారు ఈపాటికి ఆ అట్ట దింపి ఉంటాడు.

ఆమె అలాగే చూస్తోంది. బల్ల మీదినుంచి మిగిలిన ఒక్క కన్నూ చూస్తోంది.

"పన్నెండూ యాభైకి."

ఇన్‌స్పెక్టరు మెల్లగా టోపీ తీశాడు. అన్నయ్యగారూ అనలేదు. ఎగతాళి లేదు.

"రెండు గంటలు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది నీకు గనకే."

ఆ జవాబు ఆ పిల్లకి అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరుకి అర్థమయ్యిందో లేదో తెలియదు. మాస్టారు మాత్రం తడి చేతులు ఒళ్లో పెట్టుకుని, సొంత మనిషిని చూసినట్టు డిటెక్టివ్‌ని చూసి, తల ఊపాడు.

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. మాస్టారినీ డిటెక్టివ్‌నీ చూపించి, గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబులుతో అన్నాడు:

"ఇద్దర్నీ జీపెక్కించు."